కడుపు నిండిన కుక్కలు

అబియా ఎవరినీ తేలిగ్గా నమ్మడు. అడక్కుండా కాఫీ పోసేవాణ్ణి అసలే నమ్మడు.

ఆ వేసవిలో, మంచు విడిపోయిన రెండో వారానికి, డెన్మార్క్ నుంచి క్రేను ఉన్న ఓడ ఒకటి మా సముద్రపు పాయలోకి వచ్చింది. అందులోంచి పసుపు కోట్లవాళ్ళు పద్నాలుగు మందీ, వాళ్ళకు పెద్దగా ప్రెబెన్ అనే పొడుగాటి ఇంజనీరూ దిగారు. అవతలి ఒడ్డున అమెరికన్లు వదిలేసి పోయిన విమానాల మైదానాన్ని శుభ్రం చేస్తామన్నారు. డెబ్బై రెండేళ్ళుగా అక్కడ తుప్పు పడుతున్న నూనె పీపాలు, చక్రాలు లేని లారీలు, కూలిన షెడ్లు అన్నీ ఏరి ఓడకెక్కిస్తారట. ఉక్కుసివిక్‌లో, అంటే ఉత్తర ధ్రువానికి దగ్గరున్న మా ఊళ్ళో, బడిగదిలో మీటింగు పెట్టారు. అబియా లేచి ఒక్కటే అడిగాడు.

"మా నాన్నల కాలం చెత్త మీద మీకు ఇప్పుడెందుకు పుట్టింది ప్రేమ?"

ప్రెబెన్ జవాబు చెప్పాడు. నీళ్ళ గురించి, నేల గురించి, ప్రభుత్వాల ఒప్పందం గురించి చాలాసేపు చెప్పాడు. అబియా సగంలోనే కూర్చున్నాడు. జవాబు అంత తయారుగా ఉందంటే ఆ ప్రశ్న వస్తుందని ముందే భయపడి ఉంటాడు, భయపడ్డాడంటే దాచేది ఏదో ఉంది. అది అతని లెక్క.

అయినా మర్నాడే వాళ్ళకు దారి చూపే పనికి ఒప్పుకున్నాడు. ఏం ఎత్తుకుపోతారో దగ్గరుండి చూడాలిగా.

ఆ మైదానం అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతని ఇంటి గోడలు ఆ షెడ్ల చెక్కలే. పొయ్యి ఒక పీపాను కోసి చేసింది. మంచుబండి అడుగున కొట్టిన రేకు ఏదో విమానం రెక్కది. ఊళ్ళో ఎవరింటికి పోయినా ఇంతే. ఎవడో పారేసిన దాంట్లో పుట్టి, దాంట్లోనే వండుకు తిని, వాడు వచ్చి "ఇది చెత్త" అని చెబితే తలాడించే జాతి మాది. కానీ మిగతావాళ్ళు అక్కడికి చెక్కకో, తీగకో పోయేవాళ్ళు. అబియా ప్రతి వసంతంలోనూ ఒంటరిగా పోయి షెడ్లలో దూరి, గోడలు తట్టి, నేల తవ్వి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాడు. రాగి తీగల కోసమని అందరూ అనుకునేవాళ్ళు. అతను వెతికింది మనిషి కోసం.

ముందు ఇంకో అబియా ఉండేవాడు.

సాబినా అనే ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి అప్పటికే పెళ్ళయింది. రెండోవాడు అబియా, పంతొమ్మిదేళ్ళవాడు, ఎడమచేతి వాటం, నోరు విప్పితే ఊరంతా నవ్వాల్సిందే. ఆఖరిది బోలెట్టా, పదకొండేళ్ళ పిల్ల, ఆ అన్న ఎక్కడికి పోతే అక్కడికి తోకలా తయారయ్యేది. యుద్ధం రోజుల్లో అబియాకు మైదానంలో పీపాలు దొర్లించే పని దొరికింది. మావాళ్ళు అమెరికన్లతో కలవకూడదని, డెన్మార్క్ తరఫున మమ్మల్ని ఏలే కాలనీ మేనేజరు ఆజ్ఞ. దొర్లించినంతసేపు దొర్లించాలి, పొద్దు వాలేసరికి ఇవతలి ఒడ్డున ఉండాలి.

నలభై ఆరులో, ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం, అతను వేటకని పొద్దున్నే కుక్కల బండి కట్టుకుని పోయాడు. రాలేదు. ఆ సాయంత్రమే వెతకబోయినవాళ్ళకు మంచు అంచున బండి కనబడింది. నీళ్ళ పక్కన ఒక చేతితొడుగు. కాస్త వెనకగా ఏడు కుక్కలూ కట్టేసి ఉన్నాయి, హాయిగా ముడుచుకుని పడుకుని ఉన్నాయి. మంచు విరిగి నీళ్ళలో పడి పోయాడని మగవాళ్ళు తేల్చారు. అప్పుడు సాబినా వంగి కుక్కల పొట్టలు తడిమింది. నిండుగా ఉన్నాయి. చుట్టూ మంచు మీద సీలు మాంసం ముక్కలు, చిన్నచిన్నవి, ఇంకా మిగిలి ఉన్నాయి.

మా దగ్గర కుక్కలకు మేత వేసేది పొద్దు వాలాక, ఇంటికి చేరాకనే. కడుపు నిండిన కుక్క బండి లాగదు. నడక వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆ సంగతి తెలుసు. పొద్దున్నే, మంచు అంచున, కుక్కలకు మేత వేసిన వేటగాడు మా చరిత్రలో లేడు.

"తిరిగి వచ్చేది లేదని తెలిసినవాడే అలా మేత వేస్తాడు. నా కొడుకు చావలేదు. వాణ్ణి మైదానంవాళ్ళు ఏదో చేశారు" అంది సాబినా.

మైదానంవాళ్ళను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కాలనీ మేనేజరు ఒకసారి పోయి వచ్చి, వాళ్ళకేమీ తెలియదన్నాడు. ఈస్టర్ మర్నాటి నుంచి మూడు రోజులు అమెరికన్ల జెండా కర్రకు సగంలోనే వేలాడింది. తాడు గడ్డకట్టిందని పిల్లలు నవ్వుకున్నారు. మరుసటి ఏడు వేసవిలో మైదానం మూసేసి వాళ్ళూ పోయారు.

చచ్చినవాడి పేరు, పుట్టిన బిడ్డకు పెట్టేదాకా మావాళ్ళు పలకరు. పెట్టాక వాడు తిరిగి వచ్చినట్టే. ఊళ్ళో ఇద్దరు బిడ్డలు పుట్టినప్పుడు ఆ పేరు ఇమ్మని సాబినాను అడిగారు. ఇవ్వనంది. చావనివాడి పేరు ఎలా ఇస్తుంది? ఇలా ఏడాదిన్నర గడిచింది. పేరు పలకరు, మనిషి రాడు. సాబినా తిండి మానేసింది. నోట్లో పెట్టిన ముక్క నమలడం కూడా మానేసింది. మైదానం మూసిన ఏడు శరత్కాలంలో పెద్దకొడుకు భార్య మగబిడ్డను కంది. వాడు మూడు రోజులు పాలు పట్టకుండా గుక్కపెట్టాడు. మూడో రోజు సాబినా పాక్కుంటూ వచ్చి వాణ్ణి చూసింది. ఎడమచేతి పిడికిలి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు.

"అబియా" అంది.

ఏడుపు ఆగిందట. సాబినా ఆ రోజే గిన్నెడు పులుసు తాగింది. ఇంకో ఇరవై రెండేళ్ళు బతికింది.

అలా ఈ అబియాకు పుట్టిన మూడో రోజే పంతొమ్మిదేళ్ళ గతం వచ్చి చేరింది. నాయనమ్మ "కొడకా" అని పిలిచేది. తండ్రి "తమ్ముడూ" అనేవాడు, ఎన్నడూ చెయ్యెత్తేవాడు కాదు. పన్నెండేళ్ళ బోలెట్టా వాణ్ణి వీపున మోసుకు తిరుగుతూ "అన్నా" అనేది. తప్పు చేస్తే ఆమెను తిట్టే హక్కు కూడా వాడికే ఇచ్చింది. చచ్చినవాడి ఈటె, కయాకు అనే తోలు పడవ వాడివే. ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే ఇల్లంతా పండగ. నాయనమ్మ సీలు తోలు బూట్లు కుట్టేది, పాత అబియాకు కుట్టినట్టే, తెల్లపట్టీ మీద ఎర్రతోలు ముక్కోణాలు వరసగా. కావాలనే ఒక ముక్కోణం తలకిందులు. అది ఆమె చేతి గుర్తు. ఒక్కటే చిక్కు. పాత అబియా నవ్వించేవాడు. ఇతనికి నవ్వించడం రాదు. విందుల్లో అందరూ ఆశగా మొహంలోకి చూస్తుంటే చెమటలు పట్టేవి.

పదేళ్ళప్పుడు, తోళ్ళు గీకుతున్న ఆడవాళ్ళ మాట చెవిన పడింది.

"ఆ కుక్కల సంగతి నాకిప్పటికీ మింగుడు పడదే. బతికున్నవాడి పేరేమో పెట్టేసింది సాబినా."

"నోర్ముయ్యవే. అదే అయితే ఇద్దర్లో ఒకరికి ఆయుష్షు నిలవదు, రెండోవాడికి చెయ్యి అచ్చిరాదు."

అంతే. అప్పటి నుంచి అబియా తన బతుకును పక్కనుంచి చూడడం మొదలుపెట్టాడు. గురి తప్పిన ప్రతి సీలూ అతనికి సాక్ష్యమే. కయాకు రెండుసార్లు బోల్తాపడింది. మొదటి కొడుకు తట్టు వచ్చి పోయాడు. భార్య లోవీసా నలభై ఏళ్ళకే పోయింది. ఇవి ఊళ్ళో ఎవరింట్లోనైనా జరిగేవే. కానీ మిగతావాళ్ళు ఏడ్చి ఊరుకున్నారు, ఇతను మాత్రం అవతలి ఒడ్డుకేసి చూశాడు. అక్కడ ఎక్కడో ఆ మనిషి ఎముకలు దొరికితే పేరు తనదే. దొరకకపోతే, ఎవడో బతికున్నవాడి కోటు వేసుకుని డెబ్బై రెండేళ్ళు తిరిగినట్టే.

ప్రెబెన్ మనుషులు రేడియో షెడ్డు కూలగొడుతున్న రోజున అబియా పీపా మీద కూర్చుని ఎండు చేప నములుతున్నాడు. క్రేను దగ్గర పనిచేసే డినెస్, చిన్నప్పటి స్నేహితుడు, దూరం నుంచి అరిచాడు.

"ఒరే అబియా! దొరగారు పిలుస్తున్నాడు. నువ్వు దాచిన బంగారం దొరికిందట!"

"దొరికితే నీకు పళ్ళు కట్టిస్తాలే, ఉన్నవి మూడేగా."

"మూడైనా నావేరా."

అది ఊరికే అన్న మాటో, పేరు గురించి పొడిచిన మాటో అబియాకు అర్థం కాలేదు. దాని మీద ఆలోచిస్తూనే గుడారంలోకి పోయాడు.

ప్రెబెన్ కాఫీ పోశాడు. అడక్కుండానే. "గోడ చెక్కల మధ్య రేకు డబ్బా దొరికింది, అబియా గారూ. సిగరెట్లు, పేకముక్కలు, ఇదిగో ఈ ఫొటో. మీ ఊరి మనిషేమో చూస్తారా?"

విమానం ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఐదుగురు అమెరికన్లు. మధ్యలో పొట్టివాడు, తనకు పెద్దదైన తోలుకోటు తొడుక్కుని, ఎడమచెయ్యి పైకెత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. అబియా ముఖం వైపు చూడలేదు. కాళ్ళకేసి చూశాడు. తెల్లపట్టీ మీద ముక్కోణాలు. నాలుగోది తలకిందులు.

"వెనక ఏముంది?"

ప్రెబెన్ తిప్పి చదివాడు. "ఐదు ఇంటిపేర్లు. ఆరోది 'ఏబ్' అని ఊరికే రాశారు. తారీఖు నలభై ఆరు, ఏప్రిల్ ఇరవై. బయల్దేరే ముందు అని ఉంది."

ఏప్రిల్ ఇరవై. ఈస్టర్‌కు ముందు శనివారం. మంచు అంచున బండి దొరికిన ఎనిమిదో రోజు.

అబియా కాఫీ గ్లాసు దించాడు. "ఇది మీరు ఎప్పుడు పెట్టారు ఆ గోడలో?"

"ఏమిటీ?"

"నాకే ఎందుకు చూపిస్తున్నారని అడుగుతున్నా."

"మీరే కదండీ ఇక్కడ పెద్దవారు" అన్నాడు ప్రెబెన్ తెల్లబోయి. "కావాలంటే ఈ ఐదు పేర్లు పట్టుకుని అమెరికాలో వాకబు చేయిస్తాను. అక్కడి దస్త్రాల్లో ఏదైనా ఉండొచ్చు."

"మీకేం లాభం?"

"ఏమీ లేదు."

లాభం లేదన్నవాణ్ణి అబియా మరీ నమ్మడు. ఫొటో లోపలి జేబులో పెట్టుకుని, పేర్లు మాత్రం రాసుకోనిచ్చి, పడవెక్కాడు.

బోలెట్టాకు ఎనభై నాలుగేళ్ళు. కిటికీ పక్కన కూర్చుని, ఎండబెట్టిన చిన్నచేపలను తలలు తుంచి గిన్నెలో వేస్తోంది. తలుపు చప్పుడుకే గుర్తుపట్టింది.

"రా అన్నా. బూట్లు బయట విప్పు, నిన్ననే తుడిచాను. ఆ దొరలు తిండి పెట్టడం లేదా, ముఖం అలా పీక్కుపోయింది?"

అబియా బూట్లు విప్పలేదు. ఫొటో ఆమె ఒళ్ళో పెట్టాడు.

"అత్తా, ఇదేమిటో మీరు చెప్పండి."

గిన్నె మీది చెయ్యి ఆగిపోయింది. పుట్టిన మూడో రోజు నుంచీ ఆమెకు అతను అన్న. 'నువ్వు' తప్ప ఇంకో మాట ఎరగదు. తండ్రి చెల్లెలని మొదటిసారి వరస మార్చి, 'మీరు' అని దూరం పెట్టాడు. చెంపమీద కొట్టినా అంత తగిలేది కాదు.

"అత్తనా? నేనా?"

"ఈయన మీ అన్న అయితే నేనెవర్ని? చెప్పండి."

ఆమె ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో బూట్లను తడిమింది.

"మా అమ్మ కుట్టు" అంది. తర్వాత, "ఆ కుక్కలకు మేత వేసింది నేనే" అంది.

అబియా గోడకు ఆనుకున్నాడు.

"వెనకాలే పోయాను. నాకు చెప్పకుండా పోతాడని తెలుసు. మంచు అంచున చేతితొడుగు పారేస్తుంటే పట్టుకున్నా. 'బోలెట్టా, విమానంలో పోతున్నా, అమెరికన్లు దాచిపెట్టి తీసుకుపోతామన్నారు, వచ్చే వేసవికి తుపాకీ, పొయ్యి పట్టుకుని వస్తా. మేనేజరుకు తెలిస్తే ఇంట్లోవాళ్ళను వేధిస్తాడు, అందుకని పడిపోయాననుకోనీ. నేను వచ్చేదాకా నోరెత్తకు' అన్నాడు. చాక్లెట్ ఇచ్చాడు. తినలేదు నేను. వాడు పోయాక కుక్కలు నాకేసే చూశాయి. ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో. ఆకలేస్తుంది కదా అని బండి మీది మాంసం నా చిన్న కత్తితో ముక్కలు కోసి వేశాను."

"చిన్నచిన్న ముక్కలు" అన్నాడు అబియా. ఆ మాట అతను పుట్టకముందు నుంచీ ఊళ్ళో తిరుగుతున్నదే. గొడ్డలితో నరికే మగవాడి చేతి ముక్కలు కావవి. డెబ్బై ఏళ్ళలో ఒక్కడికీ తట్టలేదు, తనకీ తట్టలేదు. అందర్నీ అనుమానించాడు, ఈమెను తప్ప.

"ఎక్కడం చూశారా మీరు?"

"ఎనిమిది రోజులూ మంచు మీద నడిచిపోయి రాళ్ళ చాటున కూర్చున్నా. శనివారం ఎక్కాడు. నిచ్చెన మీంచి ఎడమచెయ్యి ఊపాడు. నాకేనో, ఇంకెవరికో. తలుపు మూశారు. పోయింది."

"నాయనమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"వస్తానన్నాడుగా! వేసవి వచ్చింది, వాడు రాలేదు. ఇంకో వేసవి వచ్చింది, రాలేదు. అమ్మ నమలడం మానేసింది. అప్పుడు నువ్వు పుట్టావు. నీ పేరు పలికి అమ్మ పులుసు తాగుతుంటే, ఆ గిన్నె నేను లాక్కోనా? చెప్పు." ఫొటోను ఒళ్ళో బోర్లించింది. "నీకు దెబ్బ తగిలినప్పుడల్లా, నా వల్లేనేమో అని చచ్చేదాన్ని. అడుగు, లోవీసా పోయినప్పుడు నేను ఎన్నాళ్ళు తిండి తిన్లేదో అడుగు."

"ఎవర్ని అడగను, అత్తా? తెలిసినవాళ్ళంతా పోయారు."

ఆ మాట అని వచ్చేశాడు.

ఓడ వెళ్ళిపోయింది. మంచు కట్టింది. అబియా బోలెట్టా గడప తొక్కలేదు. సీలు దొరికినప్పుడు ఆమె వాటా మాత్రం డినెస్‌తో పంపేవాడు. అది ఎగ్గొడితే మనిషే కాడు. "ఏమంటోంది?" అని అడిగేవాడు కాదు, కానీ డినెస్ చెప్పేదాకా అక్కడే నిలబడేవాడు.

"ఏమంటుంది? వాటా చూసి, మెడభాగం పంపాడా, కోపం తగ్గిందా అని అడిగింది. ముసలాళ్ళు మీరిద్దరూ, పోట్లాడుకోవడానికి ఇంకా ఎన్నేళ్ళున్నాయనిరా?"

"నిన్ను రాయబారం చెయ్యమన్నానా?"

"మాంసం మొయ్యమన్నావు. రాయబారం ఉచితం."

ఆ శీతాకాలమంతా ఒకే ఆలోచన. ఆయన అక్కడ ఎక్కడో పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ఏ ముసలివాళ్ళ ఇంట్లోనో కూర్చుని ఇదే పేరుకు పలుకుతుంటే? తొంభై రెండేళ్ళు పెద్ద వయసేమీ కాదు. అలా అయితే తన సమాధి మీద ఏం రాస్తారు?

ఫిబ్రవరిలో హెలికాప్టరు మీద ఉత్తరం వచ్చింది. ప్రెబెన్ రాసిన కాగితం, దానికి అమెరికా దస్త్రం నకలు. డేనిష్ తనే చదువుకున్నాడు. ఇంగ్లీషు నకలును బడిపంతులు చేత చదివించాడు. తర్వాత నర్సు దగ్గరికి పోయి ఆమె చేత విడిగా చదివించాడు. ఇద్దరూ కూడబలుక్కునే వీలు లేకుండా ఒకే పూటలో. ఇద్దరూ ఒకటే చెప్పారు.

ఏప్రిల్ ఇరవైన ఆ మైదానం నుంచి లేచిన విమానం ఐస్‌లాండ్ చేరలేదు. మూడు రోజులు వెతికారు. మంచు సముద్రంలో పడిపోయిందని తీర్మానించారు. చనిపోయినవాళ్ళు ఐదుగురు. పేర్లు ఉన్నాయి. ఆరో మనిషి మాట ఎక్కడా లేదు.

దాచి తీసుకుపోయినవాణ్ణి చచ్చాక కూడా దాచేశారు. ఈస్టర్ మర్నాడు జెండా సగంలో దించింది గడ్డకట్టిన తాడు కాదు. ఊరంతా కిటికీల్లోంచి చూసి నవ్విన ఆ జెండా కింద మనవాడూ ఉన్నాడు. వాళ్ళ లెక్కలో అయిదే. ఆరోవాడు ఏడాదిన్నర తర్వాత, పాలు పట్టకుండా ఏడుస్తూ, ఈ ఊళ్ళో పుట్టాడు. కారణం తప్పు చెప్పినా, మంచూ నీళ్ళూ అని ఊరు తేల్చింది నిజమే అయింది.

అబియా ఉత్తరాన్ని కిటికీకి అడ్డంపెట్టి స్టాంపు చూశాడు. ముద్ర సరిగానే ఉంది. ఇంకేం అనుమానించాలో ఒక గంట ఆలోచించాడు. ఆమె ఎక్కడం చూశానన్నది అబద్ధమైతే? ఆయన ఆఖరి నిమిషంలో దిగిపోయి ఉంటే? వెతికితే దారి దొరుకుతుంది. ఎప్పుడూ దొరుకుతుంది.

లేచి బూట్లు తొడుక్కున్నాడు.

బోలెట్టా కిటికీ పక్కనే ఉంది. ఈసారి అన్నా అని పిలవలేదు. ఏమని పిలవాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. అబియా గుమ్మంలో వంగి బూట్లు విప్పాడు. వచ్చి ఎదురుగా కూర్చుని, కాగితం ఆమె ముందు పెట్టి, ఐస్‌లాండ్ చేరలేదని చెప్పాడు. అదే రోజని చెప్పాడు. ఆమె పెదవులు కదిలాయి, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది, ఈస్టర్ నుంచి మరుసటి ఏడు శరత్కాలం దాకా. వేళ్ళు చాల్లేదు, మళ్ళీ మొదటికి వచ్చింది.

"అయితే నువ్వు..." అంది.

అబియాకు నవ్వించడం రాదు. డెబ్బై రెండేళ్ళలో రాలేదు. అయినా ఎడమచెయ్యి ఎత్తి ఆమె ముఖం ముందు వేలు ఆడించాడు.

"బుద్ధుందటే నీకు? పొద్దున్నే కుక్కలకు మేత వెయ్యమన్నానా నిన్ను?"

బోలెట్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. చాలాసేపటికి చెయ్యి తీసి, పదకొండేళ్ళ పిల్లలా గొణిగింది.

"ఆకలేస్తుందనుకున్నా, అన్నా."